గడ్డి మందుకు విరుగుడు లేదు.. నిషేధం తప్ప!

పరకాలలో ఎరువుల దుకాణం ముందు నిలబడి ‘గడ్డి మందు కావాలె’ అంటే, ఏ పంటలోకి అని అడిగేవాళ్లు తక్కువ. ఎన్ని డబ్బాలు అని అడిగేవాళ్లే ఎక్కువ. పత్తి సాళ్ల మధ్య కొట్టేవాళ్లు ఉన్నారు. మక్క చేన్లో కొట్టేవాళ్లు ఉన్నారు. వరి పొలం ఒడ్ల మీద, కాలువ గట్ల మీద కొట్టేవాళ్లు ఉన్నారు. ఇంటి వెనుక ఖాళీ జాగాలో గడ్డి పెరిగినా అదే మందు. మిగిలిన సగం డబ్బా మాత్రం ఇంట్లోనే ఉంటుంది. దూలం మీదనో, బాయికాడి మోటరు గదిలోనో, మంచం కిందనో.

ఊళ్లో గడ్డి మందు అని పిలిచేది ఒక్క మందును కాదు. ఆ పేరుతో నడిచేవాటిలో ముఖ్యమైనవి రెండు. ఒకటి గ్లైఫోసేట్, రెండోది పారాక్వాట్ డైక్లోరైడ్. గ్లైఫోసేట్ మీద చర్చ బాగానే జరిగింది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం దాన్ని ‘మనుషుల్లో క్యాన్సర్‌కు బహుశా కారణమయ్యేవి’ అనే జాబితాలో చేర్చింది. 2022 అక్టోబరులో కేంద్రం దాని వాడకాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. పారాక్వాట్ మీద అంత చర్చ జరగలేదు. కానీ ఆసుపత్రి వార్డుల్లో డాక్టర్ల చేతులు కట్టేస్తున్నది ఈ రెండోదే.

ఈ ఒక్క మందును దేశం మొత్తం మీద శాశ్వతంగా ఆపేయాలన్నది నా మాట. మాదీ పత్తి వేసే ఇల్లే. కలుపు కష్టం ఏమిటో తెలిసే ఈ మాట అంటున్నాను.

ఎందుకింత గిరాకీ?

పారాక్వాట్ కొత్త మందేం కాదు. దీనికి కలుపును చంపే గుణం ఉందని బ్రిటన్‌కు చెందిన ఐసీఐ కంపెనీ 1950ల్లో కనిపెట్టింది. 1962లో ‘గ్రామోక్సోన్’ పేరుతో అమ్మకాలు మొదలయ్యాయి. ఆ వ్యాపారం తర్వాత సింజెంటా చేతికి వచ్చింది. ఇప్పుడు మన దగ్గర ఎన్నో కంపెనీలు ఎన్నో పేర్లతో అమ్ముతున్నాయి. డబ్బా మీద పేరు ఏదున్నా లోపల ఉన్నది ఎక్కువగా 24 శాతం ద్రావణమే.

పని చేసే తీరు చూస్తే రైతు ఎందుకు మెచ్చుకుంటాడో అర్థమవుతుంది. పచ్చటి ఆకు మీద పడి, ఎండ తగిలితే చాలు. కొన్ని గంటల్లోనే ఆకు వాడి, మాడిపోతుంది. పొద్దున కొట్టినవాడికి సాయంత్రానికి ఫలితం కనిపిస్తుంది. మట్టిని తాకగానే మట్టి రేణువులకు గట్టిగా అతుక్కుపోతుంది కాబట్టి, తర్వాత వేసే విత్తనానికి భయం ఉండదు. అయితే ఇది వేరును చంపదు. పైన మాడిన తుంగ, గరిక కొన్నాళ్లకే మళ్లీ లేస్తాయి. మళ్లీ డబ్బా కొనాల్సిందే.

అసలు కారణం మందులో లేదు, కూలి దగ్గర ఉంది. పరకాల చుట్టుపక్కల ఏ పత్తి రైతును కదిలించినా మాట ఒకటే. “కలుపుకు మనుషులు దొరుకుతలేరన్నా. దొరికినా అందరికీ ఒక్కసారే కావాలె. వాన ఇడిసినంక నాలుగు దినాలల్ల కలుపు తీయకుంటే చేను గడ్డి పాలే.” ఇందులో అబద్ధం లేదు. పది మంది ఆడవాళ్లు రెండు రోజులు వంగి తీసే కలుపును ఒక మనిషి, ఒక పంపు, ఒక పూటలో మాడ్చేస్తుంటే ఆ లెక్క ముందు ఏ సలహా అయినా తేలిపోతుంది.

అందుకే నిషేధం గురించి మాట్లాడేవాళ్లు రైతును తప్పుపట్టి మొదలుపెడితే ఆ మాట ఊళ్లో ఎవరూ వినరు.

ఒంట్లోకి పోతే ఏమవుతుంది?

ఆకులో ఎండ సాయంతో ఈ మందు ఏం చేస్తుందో, మనిషి ఒంట్లో ఆక్సిజన్ సాయంతో దాదాపు అదే చేస్తుంది. కణాలను లోపలి నుంచి కాల్చేసే పదార్థాలను పుట్టిస్తూ పోతుంది. మూత్రపిండాలు, కాలేయం దెబ్బతింటాయి. అన్నింటికంటే ఘోరం ఊపిరితిత్తులది. రక్తంలో ఉన్న విషాన్ని అవే లాగి తమలో పోగు చేసుకుంటాయి. మెత్తగా ఉండాల్సిన కండ మచ్చకట్టి గట్టిపడుతుంది. గాలి లోపలికి పోయినా ఒంటికి అందదు.

మామూలుగా ఊపిరి ఆడని మనిషికి ఆసుపత్రిలో ముందుగా పెట్టేది ఆక్సిజన్. ఈ కేసుల్లో ఆ ఆక్సిజనే నష్టాన్ని పెంచుతుందని, తప్పనిసరి అయితే తప్ప పెట్టరు. డాక్టర్ దగ్గర ఉన్న మొదటి ఆయుధమే పనికిరాకుండా పోతుందన్నమాట.

మోనోక్రోటోఫాస్ లాంటి పురుగుల మందులకు అట్రోపిన్ అనే విరుగుడు ఉంది. టైముకు పడితే చాలామంది బతుకుతారు. పారాక్వాట్‌కు అలాంటిది ఒక్కటీ లేదు. రక్తం శుద్ధి చేస్తారు, స్టెరాయిడ్లు ఇస్తారు. ఇన్ని చేసినా ప్రాణం కచ్చితంగా నిలబెడుతుందని రుజువైన చికిత్స 60 ఏళ్లలో రాలేదు. పైగా మొదట్లో మనిషి మామూలుగానే కనిపిస్తాడు, తెలివితోనే ఉంటాడు, మాట్లాడతాడు. గండం గడిచిందని ఇంటివాళ్లు అనుకుంటారు. కొందరు ఇంటికి తీసుకుపోతారు కూడా. లోపల జరగాల్సింది జరుగుతూనే ఉంటుంది. పరకాల నుంచి వరంగల్ ఎంజీఎంకు దారి 30 కిలోమీటర్ల పైనే. అంత దూరం తీసుకుపోయినా, అక్కడా విరుగుడు ఉండదు.

ఇది ప్రాణం మీద విరక్తితో చేసేవాళ్ల సంగతి మాత్రమే కాదు. వీపు మీది పంపు కారి చొక్కా తడుస్తుంది. ఆ తడి చొక్కాతోనే సాయంత్రం దాకా పని నడుస్తుంది. పుండు, గీత ఉన్న చర్మం మీద పడితే లోపలికి పోతుంది. కంట్లో పడితే చూపుకే ప్రమాదం. మందు కొట్టేవాళ్లలో కాళ్లకు బూట్లు, చేతులకు గ్లవుజులు, ముఖానికి మాస్కు ఉన్నవాళ్లు ఎంతమంది కనిపిస్తారో మీకే తెలుసు. మన ఎండల్లో అవి వేసుకుని గంట పని చేయడం కూడా కష్టమే. ఏళ్ల తరబడి ఈ మందుకు దగ్గరగా ఉన్నవాళ్లలో పార్కిన్సన్స్ జబ్బు ఎక్కువని కొన్ని అధ్యయనాలు చెబుతున్నాయి. దాని మీద వాదన ఇంకా తెగలేదు. అమెరికాలో వేల మంది కోర్టుకెక్కారు. ఆ వాదన తేలేదాకా ఆగాల్సిన పని మనకు లేదు. విరుగుడు లేదన్న ఒక్క సంగతి చాలు.

వరంగల్ ఒకసారి నేర్పిన పాఠం

ఈ విషయంలో వరంగల్‌కు బయటివాళ్లు కొత్తగా చెప్పాల్సింది ఏమీ లేదు. 1997-98లో పత్తి పోయి, అప్పులు మీద పడి, ఉమ్మడి వరంగల్ జిల్లాలో వరసగా రైతులు చనిపోయిన రోజులు నడివయసు దాటిన ప్రతి ఒక్కరికీ గుర్తే. పురుగు చావని మందుతో మనుషులు చచ్చిపోతున్నారని అప్పట్లో అనుకునేవాళ్లు.

ఆ రోజుల లెక్కను మన డాక్టర్లు, ఫార్మసీ పరిశోధకులు విదేశీ నిపుణులతో కలిసి కాగితం మీద పెట్టారు. 2005లో ఒక అంతర్జాతీయ వైద్య పత్రికలో అది అచ్చయింది. 1997 నుంచి 2002 వరకు వరంగల్‌లోని ప్రభుత్వ పెద్దాసుపత్రికి పురుగుల మందు కేసులుగా వచ్చినవాళ్లు 8,040 మంది. వాళ్లలో 22.6 శాతం మంది బతకలేదు. అంటే 1,800 మందికి పైగా. 2002 కేసులను విడిగా చూస్తే మూడింట రెండు వంతుల మంది 30 ఏళ్ల లోపువాళ్లే.

ఆ అధ్యయనంలో నన్ను ఆపింది ఇంకో సంగతి. దుకాణాల్లో పదుల రకాల మందులు అమ్ముతుంటే, ఏ మందో తెలిసిన మరణాల్లో ఎక్కువ భాగానికి కారణం రెండే. మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్. అంటే సమస్య మొత్తం పురుగుల మందుల దుకాణంలో లేదు, రెండు సీసాల్లో ఉంది. ఆ రెంటినీ కట్టడి చేస్తే చావులు తగ్గుతాయని మన ఊరి లెక్కే చెప్పింది.

ఎండోసల్ఫాన్‌ను 2011 మే 13న సుప్రీంకోర్టు ఆపింది. అది కూడా కేరళలోని కాసరగోడ్ జనం ఏళ్ల తరబడి కొట్లాడితే. మోనోక్రోటోఫాస్‌ను 2005లో కూరగాయల మీద మాత్రం వద్దన్నారు. దాని 36 శాతం ద్రావణాన్ని ఆపాలని కేంద్రం ఉత్తర్వు ఇచ్చేసరికి 2023 వచ్చింది. వరంగల్ లెక్క అచ్చయిన 18 ఏళ్లకు. ఈలోపు ఇంటి దూలం మీదికి గడ్డి మందు డబ్బా వచ్చి కూర్చుంది.

‘అది లేకపోతే ఇంకోటి’ అనేవాళ్లకు

నిషేధం మాట ఎత్తగానే వచ్చే మొదటి ప్రశ్న ఇది. “చావాలనుకున్నోడు ఎట్లనన్న చస్తడు. మందు బందు పెడితే ఆగుతడా?” దుకాణందారులు అంటారు, కొందరు అధికారులూ అంటారు. వినడానికి నిజంలాగే ఉంటుంది. లెక్కలు మాత్రం వేరే చెబుతున్నాయి.

శ్రీలంక 1995లో మోనోక్రోటోఫాస్ సహా అత్యంత విషపూరితమైన మందులను, 1998లో ఎండోసల్ఫాన్‌ను, 2008 నుంచి 2011 మధ్య దశలవారీగా పారాక్వాట్‌తో పాటు మరో రెండింటిని ఆపేసింది. అక్కడ ఆత్మహత్యల రేటు 70 శాతం దాకా పడిపోయింది. 1995 నుంచి 2015 వరకు ఆ నిషేధాల వల్ల దాదాపు 93,000 ప్రాణాలు నిలిచాయని పరిశోధకుల అంచనా. అప్పులు, ఇంట్లో గొడవలు, తాగుడు ఆ దేశంలో మాయం కాలేదు. చేతికి అందే సీసా మారింది, అంతే.

దక్షిణ కొరియా ఇంకా సూటి ఉదాహరణ. అక్కడ 2011లో పారాక్వాట్ రిజిస్ట్రేషన్ రద్దు చేశారు, 2012లో అమ్మకం ఆపారు. పురుగుల మందులతో ఆత్మహత్యల రేటు 2011లో లక్షకు 5.26 ఉంటే 2013కు 2.67కు దిగింది. రెండేళ్లలో సగం. పంట దిగుబడి ఏమైనా తగ్గిందా అని కూడా చూశారు. తగ్గలేదు.

ఎందుకిలా? ఊళ్లో జరిగేదాన్ని గమనిస్తే అర్థమవుతుంది. మొగుడూ పెళ్లాల గొడవ, అప్పులోడు వాకిట్లో అన్న మాట, పరీక్ష పోయిన పిల్లాడి అవమానం. చాలాసార్లు ఇది నెలల తరబడి వేసుకున్న ప్లాను కాదు. ఆ గంటలో పుట్టిన కోపం, దుఃఖం. ఆ గంట గడిస్తే, పక్కింటి పెద్దమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంటే, మనిషి మళ్లీ మామూలవుతాడు. ఆ గంటలో ఇంట్లో ఉన్నది విరుగుడున్న మందా, లేని మందా అన్నదే చావు బతుకులను తేలుస్తోంది. బతికి బయటపడ్డవాళ్లలో ఎక్కువమంది మళ్లీ ఆ పని చేయరు. పారాక్వాట్ ఆ రెండో అవకాశం ఇవ్వదు.

మరి కలుపు సంగతి?

నిషేధం జీవో ఒక్కటి ఇచ్చి చేతులు దులుపుకొంటే రైతు మునుగుతాడు, లేదా దొంగచాటుగా అదే కొంటాడు. కాబట్టి రెండో సగం కూడా మాట్లాడాలి.

పత్తిలో సాళ్ల మధ్య గుంటుక తోలడం మన దగ్గర తాతల నాటి పని. ఎడ్లు తగ్గాయి కాబట్టి ఆ జాగాలోకి పవర్ వీడర్ రావాలి. చిన్న రైతు దాన్ని సొంతంగా కొనలేడు. ఊరికి నాలుగు వీడర్లు సొసైటీ దగ్గరో, మహిళా సంఘం దగ్గరో పెట్టి, కిరాయికి ఇస్తే కలుపు టైముకు పని నడుస్తుంది. ఒడ్ల మీద, గట్ల మీద గడ్డికి బ్రష్ కట్టర్ ఉంది. మిరప, కూరగాయల్లో మల్చింగ్ షీటు వేసేవాళ్లు ఇప్పటికే పెరుగుతున్నారు. పత్తిలో కంది సాళ్లు వేస్తే నేల తొందరగా కమ్ముకుని కలుపుకు ఎండ తగ్గుతుంది.

మందే కావాలంటే, విత్తిన వెంటనే కొట్టే పెండిమిథాలిన్, మొలిచిన గడ్డి జాతికి క్విజాలోఫాప్, వెడల్పాకు కలుపుకు పైరిథయోబాక్ సోడియం పత్తిలో ఇప్పటికే వాడుతున్నవే. ఇవి మంచినీళ్లని అనడం లేదు. వీటికీ జాగ్రత్తలు కావాలి, ఖర్చూ ఉంది. కానీ పారాక్వాట్ లేకపోతే పత్తి పండదన్న మాట నిజం కాదు. పారాక్వాట్‌ను ఆపేసిన చైనా, బ్రెజిల్, థాయిలాండ్, వియత్నాం వ్యవసాయం మానేయలేదు. వరిలో, పత్తిలో మనతో పోటీ పడుతున్న దేశాలే అవి. చైనాలో ద్రావణం అమ్మకం 2016లో ఆగింది. థాయిలాండ్, బ్రెజిల్ 2020లో ఆపాయి.

అసలు మందు జోలికే పోని ఊరు మన ఉమ్మడి జిల్లాలోనే ఉంది. ఇప్పుడు జనగామ జిల్లాలో ఉన్న ఏనెబావి దాదాపు 20 ఏళ్లుగా రసాయనాలు లేకుండా వరి, పత్తి పండిస్తోంది. అందరూ రేపటికల్లా ఏనెబావి కాలేరు. కానీ కుదరదు అనేముందు ఒకసారి పోయి చూడొచ్చు.

చట్టం ఎక్కడ ఆగుతోంది?

పురుగుల మందులను నడిపేది ఇప్పటికీ 1968 నాటి చట్టమే. రిజిస్ట్రేషన్ ఇచ్చేది, రద్దు చేసేది కేంద్రం. రాష్ట్రానికి 27వ సెక్షన్ కింద ఉన్న అధికారం చిన్నది. ప్రజలకు ప్రమాదం ఉందనుకుంటే 60 రోజులు ఆపొచ్చు. విచారణ పూర్తి కాకపోతే ఇంకో 30 రోజులు. ఆ తర్వాత బంతి ఢిల్లీ కోర్టులోనే. వానకాలం పంటకు విత్తనం పెట్టిన కాడి నుంచి చివరి పత్తి ఏరే దాకా ఆరు నెలలు పైనే. 90 రోజుల తాళం దాటి మందు మళ్లీ షెల్ఫు ఎక్కుతుంది.

అనుమతి ఉన్న పంటల లెక్క కూడా కాగితానికే. ఈ మందును 9 పంటలకే అనుమతిస్తే 25 పంటల్లో వాడుతున్నారని పెస్టిసైడ్ యాక్షన్ నెట్‌వర్క్ ఇండియా 2015లోనే బయటపెట్టింది. ఎవరికి ఏ పంటకు అమ్మారో చూసే నాథుడు లేడు. ఒక దుకాణందారు నాతో అన్న మాట ఇది. “బిల్లు మీద పేరు రాస్తం. తీస్కపోయినోడు ఏం జేస్తడో మాకెట్ల ఎరుక?” ఆయన్నీ అనలేం. తన షాపులో ఉన్నది ప్రభుత్వం లైసెన్సు ఇచ్చిన సరుకే కదా.

కేరళ 2011లోనే దీన్ని తన నేల మీద ఆపింది. ఒడిశాలోని బుర్లాలో ప్రభుత్వ వైద్య కళాశాల డాక్టర్లు తమ కళ్ల ముందు పోతున్న ప్రాణాలను చూడలేక 2019లో నిషేధం కోసం గొంతెత్తారు. మన రాష్ట్రంలోని డాక్టర్లూ అదే అడుగుతున్నారు. ఢిల్లీ మాత్రం వేరే దారిలో ఉంది. ప్రమాదకర రసాయనాల ఎగుమతి దిగుమతుల మీద రోటర్‌డామ్ ఒప్పందం ఉంది. పారాక్వాట్‌ను ఆ ఒప్పందం జాబితాలో చేర్చాలన్న ప్రతిపాదనకు 2013లో అడ్డం చెప్పిన దేశాల్లో మనదీ ఒకటి. ఆ జాబితాలో చేరడం అంటే నిషేధం కూడా కాదు, ముందుగా సమాచారం ఇచ్చి అనుమతి తీసుకోవడమే. దానికే ఒప్పుకోలేదు.

దీన్ని పుట్టించిన ఖండం సంగతి చూడండి. స్వీడన్ 1983లోనే ఆపేసింది. 2003లో యూరోపియన్ యూనియన్ అనుమతిస్తే, అదే స్వీడన్ కోర్టుకు పోయి 2007లో ఆ అనుమతిని కొట్టేయించింది. ఆ తర్వాత కూడా బ్రిటన్‌లోని హడర్స్‌ఫీల్డ్‌లో తయారీ సాగింది, బయటి దేశాలకు అమ్మడానికి. వాళ్ల పొలానికి పనికిరానిది మన పొలానికి ఎట్లా పనికొస్తుందో చెప్పాల్సింది ఢిల్లీయే.

ఇప్పుడు కావాల్సింది

రాష్ట్రం తన చేతిలో ఉన్న 60 రోజులను ఊరికే వాడితే లాభం లేదు. పత్తిలో కలుపు మొదలయ్యే జూన్, జులైలకు సరిపోయేలా వాడాలి. ఆ రోజుల్లోనే ఎంజీఎం నుంచి, జిల్లా ఆసుపత్రుల నుంచి పారాక్వాట్ కేసుల లెక్క విడిగా తీయాలి. ఇప్పుడు అన్నీ ‘పురుగుల మందు’ అనే ఒక్క గడిలో పడిపోతున్నాయి. మందు పేరు రాయకపోతే ఏ సీసా చంపుతోందో తెలియదు. ఆ లెక్కతో రిజిస్ట్రేషన్ రద్దు చేయాలని కేంద్రాన్ని అడగాలి. మన ఎంపీలు పార్లమెంటులో అడగాల్సిన ప్రశ్న ఇది. అదే సీజన్‌కు మండలానికి ఇన్ని వీడర్లు అని ఊళ్లకు పంపాలి. మందు ఆగే రోజు, యంత్రం వచ్చే రోజు ఒకటే కావాలి.

నిషేధం వచ్చేదాకా మనం ఇంట్లో చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. అవసరమైనంతే కొనండి, మిగిల్చి ఇంట్లో పెట్టకండి. పెట్టక తప్పకపోతే ఇంటికి దూరంగా, తాళం వేసిన పెట్టెలో ఉంచండి. నీళ్ల సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో ఎప్పుడూ పోయకండి. ఒంటి మీద పడితే బట్టలు విప్పేసి సబ్బుతో బాగా కడగండి. లోపలికి పోయిందన్న అనుమానం ఉంటే, మనిషి బాగానే ఉన్నాడని ఆగకండి. మందు డబ్బాను వెంట తీసుకుని వెంటనే ఆసుపత్రికి పొండి.

ఇంట్లో ఎవరైనా మాట తగ్గించి, ముభావంగా, బతుకు మీద ఆశ లేనట్టు మాట్లాడుతుంటే పక్కన కూర్చోండి. ‘చావాలనిపిస్తోందా’ అని సూటిగా అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు, బరువు దిగుతుంది. ప్రభుత్వ ‘టెలీ మానస్’ నంబరు 14416కు రాత్రి, పగలు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ అడగరు. ఆ నంబరు ఇంట్లో అందరి ఫోన్లలో ఇవాళే ఎక్కించుకోండి.